ఇరవై ఒక్క కానుగలు, నేను కట్టించిన గద్దెలు

ముందే ఒప్పుకుంటే సగం శిక్ష తగ్గుతుందంటారు కాబట్టి ఒప్పేసుకుంటున్నాను. నాకు పెంచి చెప్పే అలవాటు ఉంది. మా ఇంట్లో దీన్ని అలవాటు అనరు, జబ్బు అంటారు. నేను పది అంటే మా ఆవిడ మూడు అని లెక్క వేసుకుంటుంది. మా అత్తగారికి ఆ మూడు మీద కూడా అనుమానమే. తోటల పనిలో కొత్తగా చేరిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరూ అలాగే చదువుకోండి. ఎండ గురించి, జనం గురించి, నా గొప్పల గురించి చెప్పిందాంట్లో మీకు తోచినంత తగ్గించుకోండి. చెట్ల గురించి చెప్పింది మాత్రం తగ్గించకండి. వాటికి జరిగింది నేను పెంచక్కర్లేనంత ఉంది.

రెండు వేల మూడో, నాలుగో. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే దారిలో, గోదారి గాలి తగిలేంత దూరంలో మా శాఖవారి అతిథిగృహం ఒకటి ఉండేది. శాఖ పేరు అడక్కండి, పింఛను ఇంకా వాళ్ళే ఇస్తున్నారు. నేను అక్కడ తోట సూపర్‌వైజర్ని. గేటు నుంచి మెట్ల దాకా దారికి రెండు పక్కలా ఇరవై ఒక్క కానుగ చెట్లు, వాటి మధ్య నందివర్ధనాలు, నూరువరహాలు, ప్రహరీ మీద కాగితం పూల తీగలు. ఇదీ నా రాజ్యం. సైన్యం ఆరుగురు ఆడవాళ్ళు. అందరూ చుట్టుపక్కల కోయగూడేల వాళ్ళే, రోజుకూలీ మీద వచ్చేవారు. వాళ్ళలో పెద్దామెను నేనూ, వాచ్‌మనూ, చివరికి మా ఇంజినీరు సారూ కూడా అక్క అనే పిలిచేవాళ్ళం. వయసులో నాకంటే చిన్నదే. కాని కొందరిని చూస్తే నోట్లోంచి అదే మాట వస్తుంది. ఆమె మాత్రం ఎవరినైనా నువ్వు అనే అనేది. పైన రాముణ్ణి, కింద నన్ను, ఇద్దర్నీ ఒకే నువ్వుతో సరిపెట్టేది.

శ్రీరామనవమికి మా గేటు మూడు రోజులు తెరిచి ఉంచడం ఆనవాయితీ. కల్యాణానికి వచ్చిన జనం ఆ కానుగల కింద చాపలు పరిచి, సద్దిమూటలు విప్పుకుని, పిల్లల్ని పడుకోబెట్టి సేద తీరేవారు. పదివేల మంది. సరే, మూడు వందలు. అక్కడి ఎండ సంగతి మీకు తెలియదు. ఫాల్గుణంలోనే కాకి నేల మీద వాలి, కాళ్ళు మార్చి మార్చి నిలబడి, చివరికి మనిషిలా నిట్టూర్చి లేచిపోతుంది. అలాంటి చోట నీడంటే అలంకారం కాదు, ప్రాణం.

ఇక గద్దెల సంగతి. అంతకు నాలుగేళ్ళ ముందు హైదరాబాదు నుంచి ఒక పెద్ద సారు వస్తున్నాడని తెలిసి, తోటకు అందం చాలలేదని నాకు తోచింది. ఇలా తోచడమే నా ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం. టేకులపల్లి నుంచి ఒక మేస్త్రీని పిలిపించాను. ప్రతి కానుగ చుట్టూ గుండ్రంగా మోకాలెత్తు ఇటుక గోడ కట్టించి, సిమెంటు పూయించి, లోపల అంచు దాకా ఎర్రమట్టి పోయించాను. బయట తెల్లటి సున్నం ఒక పట్టీ, ఎర్రటి జాజు ఒక పట్టీ. పూర్తయ్యాక చూస్తే, ఇరవై ఒక్కమంది పెళ్ళికొడుకులు పీటల మీద నిలబడ్డట్టుంది. విమానంలో పోయేవాళ్ళు కిటికీలోంచి తొంగి చూసేవారని నేను చెప్పుకునేవాణ్ణి. పెద్ద సారు కారు దిగి "బాగుందయ్యా" అన్నాడు. ఆ ఒక్క మాటకు మురిసిపోయి ప్రతి గద్దెకూ ఇంకో రెండు వరసల ఇటుకలు పెంచాను. ఏటా నవమి ముందు మట్టి కుంగిన మేర మళ్ళీ నింపించేవాణ్ణి. మేస్త్రీకి కూడా ఆ గద్దెలంటే ప్రాణం. అటు వచ్చినప్పుడల్లా ఒక్కోదాన్ని ఎద్దు వీపు తట్టినట్టు తట్టి వెళ్ళేవాడు.

కానుగ మాఘం చివర్లో ఆకు రాలుస్తుంది. రాల్చిన పదిహేను ఇరవై రోజుల్లోనే కొత్తాకు తొడుగుతుంది. ఆ లేతాకుపచ్చ చూస్తే ఎవరో కొమ్మకొమ్మకూ నూనె రాసినట్టుంటుంది. ఆ ఏడు మా ప్రహరీ బయట రోడ్డు పక్క కానుగలు అలాగే మెరిసిపోతున్నాయి. లోపల మావి మాత్రం తలకిందులుగా పాతిన చీపురుకట్టల్లా ఉన్నాయి. నిజానికి రెండేళ్ళ నుంచే ఆకు చిన్నదవుతూ, చిటారుకొమ్మలు ఎండుతూ వచ్చాయి. ముసలితనం అనుకున్నాను. చెట్టుకు పాతికేళ్ళు కూడా లేవు, ఆ పోలిక ఎలా తట్టిందో తెలియదు.

అప్పుడు నేను వైద్యం మొదలుపెట్టాను. ఇది శ్రద్ధగా చదవండి, ఎందుకంటే మీరూ ఇదే చేస్తారు. చెట్టు నీరసంగా ఉందని మొదలు దగ్గర యూరియా చల్లించాను. పొద్దునా సాయంత్రం గద్దె నిండా నీళ్ళు పట్టించాను. మూడు రోజుల్లో ఫలితం కనపడలేదని కొమ్మలు నరికించాను. పనిలో పనిగా మొగ్గ మీదున్న నందివర్ధనాల్ని, నూరువరహాల్ని కత్తెర వేసి లడ్డూల్లా గుండ్రంగా చేయించాను. రావలసిన పూలన్నీ చెత్తబండిలో వెళ్ళిపోయాయి. చివరికి ఏమీ తోచక, అంటుకునే వేరు తెగులు పట్టింది, చెట్లన్నీ చచ్చాయి అని ఇంగ్లీషులో మూడు పేజీల రిపోర్టు రాశాను. అందులో రెండో పేజీ నాకే అర్థం కాలేదు. కాని సంతకం బాగా కుదిరింది.

ఇంజినీరు సారుది గోదావరి జిల్లా. పచ్చటి ఊళ్ళోంచి వచ్చినవాడు కావడంతో ఎండుకొమ్మ కనిపిస్తే ఆయనకు కోపం వచ్చేది. "ఏవయ్యా, ఇవి చెట్లా, బూజుకర్రలా? రాముడి పెళ్ళికొచ్చిన జనానికి వీటి కిందేనా విస్తర్లు వేసేది?" అన్నాడు. రిపోర్టు చదివి, అంటువ్యాధి అయితే ఒక్కటి కూడా మిగల్చడానికి లేదని తేల్చాడు. సోమవారం రంపాలవాళ్ళు వస్తారు. వేళ్ళతో సహా తీసేసి, నేలంతా సిమెంటు చేసి, ఇనప రేకుల షెడ్డు వేయిస్తారు. చెట్లు లేకపోతే తోటపనీ లేదు కాబట్టి ఉగాది నుంచి ఆ ఆరుగురూ రానక్కర్లేదు.

శనివారం మధ్యాహ్నం ఆ సంగతి అక్కకు చెప్పాల్సిన పని నా మీద పడింది. గోదారి వరదల దగ్గర మొదలుపెట్టి, ప్రభుత్వ విధానాల మీదుగా తిరిగి, అసలు విషయానికి వచ్చేసరికి ఆమె గడ్డి కోసే కొడవలి పక్కన పెట్టి లేచింది. తర్వాత ఆమె చెప్పింది, ఆ కూలి లేకపోతే అడవిలో ఏరుకునే చింతపండు, తునికాకు, ఇప్పపూలు, ఇవే దిక్కని. ఇప్పపూలు రాలేది మహా అయితే మూడు వారాలు. మిగతా ఏడాదంతా ఇల్లు ఎలా నడుస్తుందని అడిగింది. మిగతా అయిదుగురూ కోయభాషలో ఏదో అనుకున్నారు. నా గురించేనని అర్థం కావడానికి భాష రానక్కర్లేదు.

"సచ్చినయని ఎవలు జెప్పిండ్రు నీకు?" అంది అక్క.

నేనే రిపోర్టు రాశానన్నాను. ఆమె దగ్గర్లో ఉన్న కానుగ కొమ్మ మీద బొటనవేలి గోరుతో గీరింది. ఎండిపోయిన పైపొర కింద పచ్చగా, తడిగా, పెసరపప్పు రంగులో చర్మం కనిపించింది. ఇంకో చెట్టు గీరింది. పచ్చనే. నేను రిపోర్టులో వాడిన ఇంగ్లీషు మాటలన్నీ ఒక్కొక్కటే చెమటలో కారిపోయాయి.

"ఇటు రా" అని స్టోర్‌రూమ్ వెనక్కి తీసుకుపోయింది.

దారి వరస తప్పి స్టోర్‌రూమ్ చాటున పెరిగిన పదిహేడో నంబరు కానుగ అక్కడుంది. దాని ముందర నీళ్ళ ట్యాంకరు అడ్డంగా నిలబెట్టి ఉంది. నిలబెట్టించింది నేనే. వానాకాలంలో ఇసుక ట్రాక్టరు వెనక్కి వచ్చి ఆ చెట్టు గద్దెను గుద్దేసింది. గోడ సగం కూలి, మట్టంతా వానకు కొట్టుకుపోయింది. బాగు చెయ్యమని మేస్త్రీకి ఆరు నెలలుగా కబురు పెడుతున్నాను. అతను ఇదిగో వస్తా, అదిగో వస్తా అంటున్నాడు. ఆ పాడుబడ్డ గద్దె అతిథుల కంట పడకూడదని ట్యాంకరు అడ్డం పెట్టించి, నేనూ అటు చూడ్డం మానేశాను.

ట్యాంకరు పక్క నుంచి తొంగి చూశాను. తమ్ముళ్ళూ, నేను తాజ్‌మహల్ చూశాను. అక్కడ కూడా అలా నోరు తెరవలేదు. పదిహేడో నంబరు నిండా కొత్తాకు. కింద నిలబడితే మనిషి చొక్కా కూడా ఆకుపచ్చగా కనిపిస్తోంది. చీమలు, తేనెటీగలు, ఉడతలు, ఊరు ఊరంతా దాని మీదే ఉంది.

అక్క పక్క గద్దె దగ్గర కూర్చుని చేతులతో మట్టి తోడింది. జానెడు లోతున మాను బెరడు నల్లగా నాని, వేలితో నొక్కితే మెత్తగా దిగిపోయింది. పుల్లటి కంపు. నేలలోకి పోవాల్సిన వేళ్ళు ఊపిరాడక పైకి ఎగబాకి, గద్దె లోపల ముంతలో పాముల్లా చుట్టలు చుట్టుకున్నాయి. రెండు లావు వేళ్ళు మానునే బిగించి పట్టుకున్నాయి. దాని మీద నా యూరియా, నా నీళ్ళు.

"మెడ దాక పాతిపెట్టి అన్నం పెడ్తున్నవ్ సారూ. ఎట్ల తింటది అది?"

ఆ మాటకు నేను తలెత్తలేకపోయాను.

సోమవారం పొద్దున్నే రంపాలవాళ్ళు నలుగురు వచ్చారు. షెడ్డు నేల కొలవడానికి మేస్త్రీని కూడా పిలిపించారు. టేపు పట్టుకుని అతనూ నిలబడ్డాడు. అక్కా, మిగతా అయిదుగురూ మొదటి చెట్టు చుట్టూ ఏమీ ఎరగనట్టు ఊడుస్తున్నారు. ఊడ్చిన చోటే పదిసార్లు ఊడుస్తున్నారు. ఇంజినీరు సారు జీపు దిగాడు. రంపం మొదటి చెట్టుకు ఆనించారు. అంటువ్యాధి అని కాగితం ఉన్నంతకాలం ఆ రంపం ఆగదు. కాగితం అబద్ధమని ఎవరో ఒకరు చెప్పాలి. చెబితే, మరి చెట్లకు ఏమయిందన్న ప్రశ్న వస్తుంది.

నేను ముందుకు నడిచాను. "సార్, తెగులు కాదు. రిపోర్టు తప్పు. ఈ గద్దెలు కట్టించింది నేను. చెట్ల గొంతు నొక్కింది నేను" అన్నాను. సారు నన్ను పై నుంచి కిందికి చూశాడు. పదిహేడో నంబరు దగ్గరకు తీసుకెళ్ళి చూపించాం. ఆయన ఆ ఆకుల్లోకి తల పెట్టి చాలా సేపు ఉన్నాడు. బయటికి వచ్చేసరికి మనిషి గోదావరి జిల్లాకు వెళ్ళి వచ్చినట్టున్నాడు.

"ఉగాది దాకా చూస్తాను. ఆ రోజుకి చిగురు కనపడకపోతే చెట్లూ ఉండవు, మీరూ ఉండరు" అన్నాడు.

పద్దెనిమిది రోజులు.

ఆ రోజు నుంచి మా కాంపౌండులో జరిగింది తోటపని కాదు, యుద్ధం. మేస్త్రీ తను కట్టిన ఇరవై గద్దెల్నీ తనే పగలగొట్టాడు. సమ్మెట ఎత్తే ముందు ఒక్కోదాన్ని ఒకసారి తట్టేవాడు. సిమెంటు అంత గట్టిగా కలిపినందుకు తన్ను తానే తిట్టుకునేవాడు. గోడ పోయాక మట్టి తీయడానికి నేను గడ్డపారలు తెప్పిస్తే అక్క వాటిని తిప్పి పంపింది. వేళ్ళు తెగకుండా వెదురుపుల్లలతో, చేతులతో, పసిపిల్లకు తల దువ్వినట్టు తీయాలంది. మొదలు విచ్చుకుని వేళ్ళుగా చీలే చోటు బయటపడే దాకా తీశాం. మానును బిగించిన వేళ్ళను మాత్రం నేను పదునైన కత్తితో ఒక్కొక్కటే కోశాను. నానిన బెరడుకు గాలి తగలనిచ్చాం. మందులు లేవు, యూరియా లేదు. నీళ్ళు మొదట్లో కాదు, కొమ్మల నీడ పడే అంచున, చల్లబడ్డాక, లోతుగా, నాలుగైదు రోజులకోసారి. ఆ నేల మీద ఎండుటాకు మందంగా పరిచాం. అంతకు ముందు నాలుగేళ్ళుగా ఆ ఆకునే నేను శుభ్రత పేరుతో తగలబెట్టించాను. గోరుతో గీరి పచ్చ లేని పుల్లల్నే విరిచాం. నందివర్ధనాల జోలికి నన్ను ఎవరూ పోనివ్వలేదు. కత్తెర ఎక్కడ దాచారో ఈ రోజుకీ తెలియదు.

సరిగ్గా అప్పుడే అడవిలో ఇప్పపూలు రాలడం మొదలైంది. ఆరుగురూ కోడి కూయకముందే గంపలతో అడవికి పోయేవారు. జల్దీ రమ్మని నేను బతిమాలితే అక్క నవ్వింది.

"ఇప్పచెట్టు నీ సర్కారు కోసం ఆగదు. ఈ చెట్లు ఎటూ పోవు. పూలేరుకొని వస్తం, పొద్దుగూకే దాక చేస్తం. సరేనా?"

సరే అనక ఏం చేస్తాను. పది గంటలకు వచ్చేవారు. వాళ్ళ గంపల్లోంచి ఇప్పపూల తీపి వాసన కాంపౌండంతా నిండిపోయేది. ఆ వాసనకే నాకు మత్తెక్కేదంటే మా ఆవిడ నమ్మలేదు. వేరే కారణం ఉందనుకుంది. ఆ ఎండలో సాయంత్రం దాకా వాళ్ళు మట్టి తీసేవారు. నేను గొడుగు వేసుకుని ప్రోత్సహించేవాణ్ణి.

తొమ్మిది రోజులు ఏమీ లేదు. పెద్దాసుపత్రి డాక్టరులా రోజుకు మూడుసార్లు రౌండ్లు కొట్టి ప్రతి కొమ్మా గీరి పచ్చ ఉందో లేదో చూసేవాణ్ణి. పదో రోజు అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. గోకి గోకి నువ్వే సంపేటట్టున్నవ్ అంది. ఆ మీదట చేతులు వెనక్కి కట్టుకుని తిరగాలని నాకు నిబంధన పెట్టారు.

పదమూడో రోజు పొద్దున నాలుగో నంబరు చెట్టు కణుపు దగ్గర సజ్జగింజంత మొటిమ ఒకటి కనిపించింది. పురుగనుకున్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తే, కొన గోధుమరంగు, మొదలు పచ్చ. చిగురు. ఆఫీసు అరకిలోమీటరు ఉంటుంది. నేను పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు. ఆ నేల మీద ఉత్తకాళ్ళతో పరుగెత్తిన మొదటి ప్రభుత్వోద్యోగి నేనే. సారు ఎవరితోనో మీటింగులో ఉన్నాడు. తలుపు తోసుకుని వెళ్ళి, మాట రాక, చిటికెన వేలి కొన చూపించాను. "బాత్రూమ్ అటు" అన్నాడాయన.

ఆ తర్వాత ఆపేవాడు లేడు. మర్నాడు ఆరు చెట్లు. ఆ మర్నాడు పదకొండు. పొద్దున చూసిన కొమ్మ సాయంత్రానికి గుర్తుపట్టలేనట్టు మారిపోయేది. కత్తెర పడని నందివర్ధనాలు తెల్లగా విరగబూశాయి. నూరువరహాలు ఎర్రబడ్డాయి. అక్క తలలో కూడా ఒక పువ్వు కనిపించింది. అడిగితే రాలిందే పెట్టుకున్నానంది. ఆ రోజు గాలి వీచలేదు, అయినా నమ్మాను.

ఉగాది పొద్దున సారు పచ్చడి తినకుండానే వచ్చి, వేలితో చూపిస్తూ ఒక్కొక్కటే ఎంచాడు. పందొమ్మిది చిగురించాయి. పదిహేడో నంబరు ముందు నుంచీ పచ్చన. గేటు పక్కది ఒక్కటి చచ్చిపోయింది. దాని గద్దె అన్నిటికంటే ఎత్తు, ఎందుకంటే పెద్ద సారు "బాగుందయ్యా" అన్నది దాని పక్కన నిలబడే. సారు నా వైపు తిరిగి, షెడ్డు వద్దు, ఆడవాళ్ళు ఎప్పట్లా పనికి రావచ్చు అన్నాడు. అక్క విని, ఏమీ జరగనట్టు చీపురందుకుంది. ఈసారి ఒక్కసారే ఊడ్చింది.

నవమి నాటికి ఆకు ఇంకా లేతే, నీడ సగమే. వచ్చిన జనం కొమ్మకూ కొమ్మకూ చీరలు కట్టి మిగతా సగం తెచ్చుకున్నారు. ఎర్రవి, పసుపువి, నీలంవి. ఆ చీరల కింద ఎంతమంది పడుకున్నారో ఈసారి నేను లెక్క చెప్పను.

ఇక అబద్ధం ఎక్కడుందో చెప్పే వేళయింది. కాకి నిట్టూర్చడం, విమానం, తాజ్‌మహల్, వీటి గురించి మీరు బెంగపడొద్దు. అవి పెంచినవి, లేనివి కావు. నేను మొత్తంగా కల్పించింది ఒక్కటే. ఆ సోమవారం నేను ముందుకు నడవలేదు. తప్పు నాది అనలేదు.

జరిగింది ఇది. రంపం ఆనించగానే అక్క దానికి అడ్డంగా నిలబడి, తెగులు లేదు, గద్దెలు సంపుతున్నయి అంది. సారు, "ఈ గద్దెలు ఎవడి తెలివయ్యా?" అని అందరి వైపూ చూశాడు. నేను నా బూట్ల వైపు చూశాను. అప్పుడు మేస్త్రీ టేపు చుట్టి జేబులో పెట్టుకుని, "నేనే కట్టిన సారూ. అంచు దాక మట్టి నింపితే చెట్టుకు సల్లగుంటదనుకున్న. గా ఒక్కటి రిపేరు చెయ్యలె, గందుకే బతికింది. సూద్దురు రాండ్రి" అన్నాడు. సారు అతన్ని నలుగురిలో నానా మాటలూ అన్నాడు. ఇక మా కాంపౌండులో ఇటుక ముట్టుకోవద్దన్నాడు. గద్దెలు పగలగొట్టడం వరకు చేసి అతను కొత్తగూడెం వైపు పనులకు పోయాడు.

పోయే ముందు, ఆఖరి గద్దె పగలగొట్టిన సాయంత్రం, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. అతను చేతులకంటిన సున్నం దులుపుకుంటూ, కోపం లేకుండానే అన్నాడు:

"మీరు చెప్పెటట్టు లేరు సారూ. ఆళ్ళేమో రంపం పట్టుకొని నిలబడ్డరు."